తల్లి కసిరే దాకా



కుటుంబ పత్రికలో కుక్కను గూర్చి వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. ఒకప్పుడు మేమూ అలాగే అనుకునేవాళ్ళము. కాని ఒక కుక్కపిల్ల విషయంలో మేము చేసిన పొరపాటు ఎనిమిదేళ్ళ పాప చేతి మీద మచ్చగా నిలిచిపోయింది. ఆ పాపను ప్రతి ఆదివారం మందిరంలో చూస్తాము. గనుక ఇది వ్రాయక తప్పలేదు.

మేము పరిచర్య చేస్తున్నది పల్నాడు ప్రాంతంలోని ఒక చిన్న గ్రామంలో. మిరప, పత్తి పండించే రైతులు, కూలిపనులకు వెళ్ళే కుటుంబాలు మా సంఘస్థులు. 2021 వానాకాలంలో ఒక ఊరకుక్క మా ఇంటి వసారాలోకి వచ్చి ముడుచుకొని పడుకుంది. మా ఇల్లాలు దానికి గంజి పోసింది. ఇక అది కదలలేదు. పిల్లలు దానికి రాణి అని పేరు పెట్టారు. ఆ డిసెంబరు మొదటి వారంలో, మందిరం వెనుక మేము పేర్చుకున్న పొయ్యికట్టెల సందులో రాణి ఐదు పిల్లలు పెట్టింది.

క్రిస్మస్ ఏర్పాట్లతో తీరిక లేకపోయినా, ఉదయం సాయంత్రం అక్కడికి వెళ్ళి చూసేవాళ్ళము. పుట్టిన కుక్కపిల్లకు కళ్ళు కనబడవు, చెవులు వినబడవు. తన ఒంటి వేడిని తాను నిలుపుకొనే శక్తి కూడా దానికి ఉండదు. తల్లి పొట్టకు ఆనుకుంటేనే వెచ్చదనం. తల్లి నాలుకతో నాకితేనే దానికి మూత్రం వస్తుంది, దొడ్డికి అవుతుంది. ఇది మాకు అంతకుముందు తెలియదు. రాణి ఊరికే ముద్దు చేస్తున్నదని అనుకున్నాము. అది ముద్దు కాదు, ఆ నాకుడే వాటికి ప్రాణాధారమని మా అమ్మగారు చెప్పారు. మొదటి వారం రాణి తిండికి వచ్చినా నాలుగు ముద్దలు తిని పరుగున వెళ్ళిపోయేది. డిసెంబరు చలిలో రాత్రిళ్ళు దాని పొట్ట క్రింద ఐదు పిల్లలూ ఒక మూటలా ఉండేవి.

సుమారు రెండు వారాలకు కళ్ళు తెరిచాయి. మూడో వారానికి చెవులు పనిచేశాయి, పాలపళ్ళు మొలవసాగాయి. పడుతూ లేస్తూ కట్టెల సందులోనుండి బయటికి వచ్చాయి. అవి అలా బయటికి వచ్చినప్పుడే ఊరివారి కంట పడ్డాయి.

పిల్లలకు ఇరవై ఆరో రోజున మా సంఘ సహోదరుడొకరు వచ్చారు. "అయ్యగారూ, మిరప కళ్ళం దగ్గర కాపలాకు కుక్క లేదు. ఆ నల్లటి మగపిల్లను మాకు ఇప్పించండి. ఇప్పుడు తీసుకుపోతేనే మా చేతికి మాలిమి అవుతుంది. పెద్దదైతే మా మాట వినదు" అన్నారు.

మా అమ్మగారు వసారాలో కూర్చొని బియ్యం ఏరుతున్నారు. "అబ్బాయ్, దానికి పళ్ళు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. తల్లి కసిరి తరిమే దాకా పిల్లను తియ్యకూడదు. నెల నిండని పిల్లను తీస్తే అది తిండిపోతూ అవుతుంది, కరవపోతూ అవుతుంది" అన్నారు.

మేము ఆ మాట విన్నాము. కాని ఎదుట నిలబడిన మనిషికి లేదని చెప్పలేకపోయాము. ఆయన మందిరం పనికి ఎప్పుడు పిలిచినా వచ్చే మనిషి. "తీసుకెళ్ళండి" అన్నాము. రాణి ఆయన వెనుక చెరువుకట్ట దాకా వెళ్ళింది. మిగిలిన నాలుగు పిల్లలు కట్టెల దగ్గర ఏడుస్తుంటే తిరిగి వచ్చింది. ఆ రాత్రి అది రెండు మూడుసార్లు లేచి కట్టలదాకా వెళ్ళి వాసన చూసింది. దయచేత ఇచ్చామని అప్పుడు మమ్మును మేము సమాధానపరచుకున్నాము. నిజానికి అది దయ కాదు, మొహమాటం.

తరువాతి నాలుగు వారాలలో మిగిలిన పిల్లలు నేర్చుకున్న పాఠాలను మా కళ్ళతో చూశాము. నెల దాటిన తరువాత రాణి పడుకొని పాలివ్వడం తగ్గించింది. నిలబడి ఇచ్చేది. పిల్లలు వెనుక కాళ్ళ మీద లేచి, మెడలు సాచి, ఒకదాన్నొకటి త్రోసుకొని త్రాగవలసి వచ్చేది. కొంతసేపటికి రాణి నడిచి వెళ్ళిపోయేది. ఒకటి రెండు పిల్లలు చన్ను వదలక వ్రేలాడుతూ వెళ్ళి క్రింద పడేవి. చూసేవారికి జాలి కలిగేది. మా చిన్నమ్మాయి, "నాన్నా, రాణికి పిల్లల మీద ప్రేమ పోయింది" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. ఒక పిల్ల గట్టిగా కరిస్తే రాణి గుర్రుమని, నోటితో దాని మూతిని పట్టి నేలకు అదిమేది. పిల్ల కుయ్యిమని వెల్లకిలా పడేది. గాయం మాత్రం ఉండేది కాదు. మరుక్షణం రాణి దాన్ని నాకేది. పిల్లలు తమలో తాము కొట్లాడుకొనేటప్పుడూ అంతే. ఒకటి నొప్పి పుట్టేట్టు కరిస్తే రెండోది అరిచి ఆట మానేసేది. కరిచింది ఒంటరిగా మిగిలేది. మళ్ళీ ఆడాలంటే పంటిని మెత్తగా పెట్టాలని ఆ విధంగా నేర్చుకున్నాయి. రాణి తింటున్న పళ్ళెంలో మూతి పెట్టిన పిల్లకు ఒక గుర్రు చాలు, వెనక్కు తగ్గి తన వంతు కోసం కూర్చొనేది. ఈ బడిలో నల్లపిల్ల లేదు.

రెండు నెలలు నిండాక మూడు పిల్లలను మూడు ఇళ్ళకు ఇచ్చాము. అప్పటికి రాణి వాటిని ఆపలేదు. ఒక్కదానిని మేమే ఉంచుకున్నాము.

2022 సెప్టెంబరులో ఒక సాయంత్రం, నల్లకుక్కను తీసుకెళ్ళిన సహోదరుని ఇంటినుండి మనిషి పరుగున వచ్చాడు. వారి పాప దొడ్లో ఊడుస్తూ, కుక్క తింటున్న గిన్నెను ప్రక్కకు జరపబోయింది. అది మొరగలేదు, గుర్రుమనలేదు. తటాలున కుడిచేతిని పట్టేసింది, వదలలేదు. తండ్రి నోరు విడదీసి తీయవలసి వచ్చింది. మేము వెళ్ళేసరికి ఒక పెద్దావిడ గాయానికి కారం అద్దబోతున్నారు. ఊరి నర్సమ్మ అడ్డుపడి, పాప చేతిని పంపు క్రింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడిగించింది. ఆమె ఆ రోజు చేసిన మేలు మేము మరువలేము. తరువాత పాపను ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. గాయం చుట్టూ ఇవ్వవలసిన మందు ఇచ్చి, టీకాలు మొదలుపెట్టారు. చెప్పిన తేదీల్లో ఒక్కటీ తప్పకుండా వేయించారు.

ఇంటివారు కోపంతో కుక్కను చంపేస్తామన్నారు. కరిచిన కుక్కను పది రోజులు కట్టివేసి గమనించాలని వైద్యులు చెప్పారు గనుక ఆగారు. పది రోజులు గడిచాయి, దానికి ఏ జబ్బూ లేదు. పదకొండో రోజున మేము వెళ్ళి దానిని మా ఇంటికి తెచ్చుకున్నాము. ఆ సహోదరుడు మమ్మును ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మా అమ్మగారు కూడా ఏమీ అనలేదు. ఆమె చెప్పిన మాటే మా చెవుల్లో మ్రోగింది.

మా మండలంలోని పశువుల డాక్టరుగారు ఆ కుక్కకు టీకా వేయడానికి వచ్చినప్పుడు మా బాధ చెప్పుకున్నాము. ఆయన, "అయ్యగారూ, మీ అమ్మగారి మాటను శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు" అని కొన్ని సంగతులు చెప్పారు. తరువాత మేము కూడా కొంత వెదకి చదివాము. పాఠకులకు ఉపయోగమని క్లుప్తంగా వ్రాస్తున్నాము.

ఇటలీ దేశపు పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముప్పై, నలభై రోజుల మధ్య తల్లినుండి వేరుచేసిన డెబ్బై కుక్కలను, రెండు నెలలకు వేరుచేసిన డెబ్బై కుక్కలను తీసుకొని, వాటి గుణాలను గూర్చి యజమానులను అడిగారు. ముందుగా వేరైన కుక్కలలో అతిగా మొరగడం, చప్పుళ్ళకు బెదరడం, వీధిలో భయపడడం, వస్తువులను పాడుచేయడం ఎక్కువగా కనబడ్డాయి. వాటితోపాటు తిండి దగ్గరకు ఎవరినీ రానివ్వకపోవడం కూడా ఉంది. అది చదివినప్పుడు ఆ పాప చెయ్యి మా కళ్ళ ఎదుట నిలిచింది.

స్వీడన్ దేశపు సైన్యం తన జర్మన్ షెపర్డ్ కుక్కలను తానే పెంచుకునేది. అక్కడ ఇరవై రెండు ఈతల తల్లులను మొదటి మూడు వారాల పాటు కెమెరాతో గమనించారు. పిల్లలకు పద్దెనిమిది నెలలు వచ్చాక పరీక్షలు పెట్టారు. పిల్లలతో ఎక్కువసేపు ఉండి, ఎక్కువగా నాకి, పాలిచ్చిన తల్లుల పిల్లలు మనుషులతోను చుట్టూ ఉన్న వాటితోను చొరవగా కలిసిపోయేవిగా ఎదిగాయని 2016లో ప్రకటించారు.

ఇక్కడి వరకు విని, ఎంత ముద్దు చేస్తే అంత మంచిదని అనుకుంటాము. కాని రెండో సంగతి వినండి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మోరిస్టౌన్ అనే ఊరి దగ్గర, అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సీయింగ్ ఐ అనే సంస్థ ఉంది. 1929లో స్థాపించబడింది. అక్కడ ఎమిలీ బ్రే అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు ఇరవై మూడు తల్లులను, వాటి తొంభై ఎనిమిది పిల్లలను మొదటి ఐదు వారాలు గమనించి, ఆ పిల్లలు పెద్దవై శిక్షణ ముగించే వరకు వెంబడించారు. 2017లో వారు చెప్పినది విచిత్రంగా ఉంది. పిల్లలను విడువకుండా అంటిపెట్టుకొన్న తల్లుల పిల్లలు శిక్షణలో తప్పిపోయే అవకాశం ఎక్కువ. పడుకొని సుళువుగా పాలిచ్చిన తల్లుల పిల్లల కంటె, నిలబడి పాలిచ్చి పిల్లలను కష్టపడనిచ్చిన తల్లుల పిల్లలు ఎక్కువగా నెగ్గాయి.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాదా అని డాక్టరుగారిని అడిగాము. జాతులు వేరు, పెట్టిన పరీక్షలు వేరు, గమనించిన వారాలు వేరు గనుక రెంటినీ ఒకే తక్కెడలో తూచకూడదని ఆయన అన్నారు. రాణిని చూసిన మీదట మాకు తోచినది ఇది. తల్లి చేయవలసిన పనులు రెండు. మొదట పిల్లకు పొట్ట చాటు ఇవ్వాలి. తరువాత ఆ పొట్టను కొంచెం ఎత్తులో పెట్టాలి. మొదటిది లేకపోతే పిల్ల లోకాన్ని చూసి బెదురుతుంది. రెండోది లేకపోతే చిన్న కష్టానికే చతికిలబడుతుంది. రెండు పనులూ ముగించడానికి తల్లికి సుమారు ఎనిమిది వారాలు కావాలి. మా చిన్నమ్మాయి ప్రేమ పోయిందని ఏడ్చిన రోజులు నిజానికి ఆ ప్రేమలో రెండో భాగము.

మన దేశపు వీధికుక్కలను గూర్చి కూడా పని జరిగింది. పశ్చిమ బెంగాల్లోని ఐసర్ కోల్‌కతా విద్యాసంస్థలో అనిందిత భద్రగారి బృందం తొంభై ఐదు ఈతలలోని 364 పిల్లలను గమనించింది. వాటిలో పెద్దవై పిల్లలు కనే వయస్సు వరకు బ్రతికినవి 19 శాతమే. ఆ మరణాలలో 63 శాతానికి ఏదో ఒక విధంగా మనుషులే కారణమని 2016లో తెలిపారు. పిల్లల పిల్లలను సాకిన ఒక అమ్మమ్మ కుక్కను గూర్చి అదే బృందం 2014లో వ్రాసింది. అది మా అమ్మగారికి చదివి వినిపిస్తే, "కుక్కకు తెలిసినపాటి నీకు తెలియలేదురా" అని నవ్వారు. సంవత్సరం తరువాత ఆమె మమ్మును మందలించిన మాట అదొక్కటే.

మనుషుల పిల్లలు కుక్కపిల్లలు కారు. మనుషుల పెంపకాన్ని వారాలతో కొలవలేము. అయినను మా సంఘంలో రెండు రకాల ఇళ్ళు కనబడుతున్నాయి. ఒక ఇంట్లో అక్షరాలు రాని పిల్లను దూరపు హాస్టలులో వేసి, వాడే నేర్చుకుంటాడులే అంటారు. వలస పనులకు వెళ్ళేవారికి గత్యంతరం లేకపోవచ్చు, వారిని మేము తప్పుపట్టము. ఇంకొక ఇంట్లో పదో తరగతి పిల్లవాడికి తల్లి అన్నం కలిపి నోటికి అందిస్తుంది. మా ఇల్లు ఈ రెండో రకానిది. మా అబ్బాయికి సైకిలు గాలి తగ్గినా మేమే కొట్టించేవాళ్ళము. హన్నా సమూయేలును పాలు విడిచే వరకు తన యొద్దనే ఉంచుకొని, ఆ తరువాతనే తీసుకువెళ్ళి అప్పగించింది. ఇస్సాకు పాలు మానిన దినాన అబ్రాహాము విందు చేశాడు. చన్ను మాన్పించడం ఆ ఇంట ఏడ్పుల దినం కాదు, పండుగ దినం. ఈ సంగతులు ఎన్నోసార్లు బోధించాము. నిలబడి పాలిచ్చే రాణిని చూసిన తరువాతనే వాటి రుచి మాకు తెలిసింది. ఇప్పుడు మా అబ్బాయి తన సైకిలు తానే చూసుకుంటున్నాడు.

నల్లకుక్క సంగతి చెప్పి ముగిస్తాము. దానిని కొట్టి మార్చాలని మేము ప్రయత్నించలేదు. డాక్టరుగారు చెప్పినట్లు, అది తింటుండగా దూరంనుండి ఒక చేపముక్క వేసి వెళ్ళిపోయేవాళ్ళము. మనిషి రావడం అంటే తిండి పోవడం కాదు, ఇంకొంచెం రావడం అని దానికి తెలియాలని. ఆరు నెలలకు గుర్రుమనడం నేర్చుకుంది. అది మంచి మార్పే. కరవబోయే ముందు హెచ్చరించడం తల్లి దగ్గర నేర్చుకోవలసిన మాట, అది ఆలస్యంగా నేర్చుకుంది. ఇప్పటికీ కొత్తవారు వస్తే దానిని కట్టివేస్తాము, పిల్లలను దాని గిన్నె దగ్గరకు పోనివ్వము. కొన్ని లోట్లు తగ్గుతాయి గాని బొత్తిగా పోవు.

2023 జనవరిలో రాణి మళ్ళీ నాలుగు పిల్లలు పెట్టింది. ఆ తరువాత దానికి పిల్లలు కలుగకుండా ఆపరేషన్ చేయించాము. ఆ నాలుగింటిని ఎవరు అడిగినా, మా కంటె పెద్దవారు అడిగినా, "రెండు నెలలు ఆగండి" అన్నాము. అనడం మొదట కష్టమే, రెండోసారికి అలవాటైంది. చిన్నప్పుడే తీసుకుపోతేనే మాలిమి అవుతుందన్న మాటలో సగం నిజముంది. అమెరికాలో 1961లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పద్నాలుగు వారాల వరకు మనిషి పొడ ఎరుగని కుక్కపిల్లలు ఆ తరువాత మచ్చిక కాలేదు. మూడో వారంనుండే పిల్లకు మనిషి చెయ్యి తగలాలి. కాని అందుకు పిల్లను తల్లినుండి తీసుకుపోనక్కరలేదు. కావలసినవారే రోజూ వచ్చి కాసేపు దానితో ఆడుకొని వెళ్ళవచ్చు.

గనుక పాఠకులకు మా మనవి. పిల్లల తల్లికి కడుపునిండా తిండి, నీళ్ళు పెట్టండి. ఎనిమిది వారాలు నిండక పిల్లను ఇవ్వకండి, తీసుకోకండి. కుక్కలను పెంచి అమ్మేవారికి 2017లో మన ప్రభుత్వం చేసిన నియమాలు కూడా ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మకూడదనే చెబుతున్నవి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. కుక్క కరిస్తే గాయానికి కారం, సున్నం అద్దకుండా సబ్బు, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, చేతి మీద మచ్చ ఉన్న ఆ పాప తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. కట్టెల దగ్గర దూరంగా నిలబడింది. ఒక గోధుమరంగు పిల్ల పాకుతూ వచ్చి దాని కాలి వేలును నాకింది. పాప వెనక్కు జరిగింది, కాని పారిపోలేదు. మరుసటి రోజు మళ్ళీ వచ్చింది. బడి వదలగానే రోజూ వచ్చేది. మార్చి మధ్యలో రాణి పిల్లలను కసరడం, చన్ను ఇవ్వకుండా తిరగడం మా అమ్మగారు చూసి, "ఇక ఇవ్వొచ్చు అబ్బాయ్" అన్నారు.

పాప గోధుమరంగు పిల్లను మచ్చ ఉన్న చేతితోనే ఎత్తుకొంది. రాణి తలెత్తి చూసి, మళ్ళీ పడుకుంది.